సెవెన్ ఐరన్ 125 గజాలే వెళ్తోంది, నా స్థాయికి తక్కువా?

అలిపిరి43

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, వయసు 43. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు గోల్ఫ్ మొదలుపెట్టాను, మూడేళ్ళయింది. నాన్నగారి ఆరోగ్యం కోసం పోయిన ఏడాది ఊరికి వచ్చేశాను, ఇప్పుడు ఇంటి నుంచే పని. నెలకు ఒకటి రెండుసార్లు తెల్లవారుజామున నాలుగింటికి కారు తీసి చెన్నై వెళ్ళి ఆడి వస్తుంటాను. హ్యాండిక్యాప్ 24, అంటే బాగా ఆడిన రోజుల్లో పార్ కంటే సుమారు 24 షాట్లు ఎక్కువ; అది ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడు.

పోయిన ఆదివారం పొద్దున టైమ్ దొరకలేదు, పదకొండున్నరకు మొదలుపెట్టాం. అందులో ఒక పార్ 3 (మూడు షాట్లలో ముగించాల్సిన హోల్) ఉంది, గ్రీన్ (గుంత ఉండే పొట్టి గడ్డి చోటు) మధ్యకి 142 గజాలు, ముందంతా నీళ్ళు. మేము అక్కడికి చేరేసరికి రెండు దాటింది. నాతో ఉన్న ముగ్గురూ ఎయిట్ ఐరన్ తీశారు. ఐరన్ నంబర్ తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది కాబట్టి నేను ఇంకా పెద్ద క్లబ్ కోసం బ్యాగ్‌లో వెతుకుతుంటే ఒకాయన "ఏం సార్, సెవెన్ ఐరనే 150 పోవాలి కదా, దీనికి ఎయిట్ చాలు" అన్నారు. సరేనని ఎయిట్ తీసి కొట్టాను. బాగానే తగిలింది, కానీ నీళ్ళలో పడింది. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టాను, అదీ నీళ్ళలోనే. ఆ ఒక్క హోల్‌కే 8 రాసుకున్నాను.

తిరిగొస్తూ పుత్తూరులో టీకి ఆపినప్పుడు కూడా అదే ఆలోచన. బెంగళూరులో నా సెవెన్ ఐరన్ 130, 132 దాకా వెళ్ళేది. ఇక్కడికొచ్చాక బాగా తగిలితే 125. బలం తగ్గిందా, స్వింగ్ పాడైందా అర్థం కావడం లేదు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకరు 165 అంటారు, ఒకరు 180 అంటారు. నిజంగా ఆడేవాళ్ళు మీ హ్యాండిక్యాప్ చెప్పి, మీ ఐరన్లు క్యారీ ఎంత వెళ్తాయో చెప్పండి. దొర్లిన దూరం వద్దు, గాల్లో వెళ్ళి నేలను తాకేదాకా ఎంత అనేదే కావాలి. నా సెట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, పాతది.

శ్రీసిటీ_షిఫ్ట్

అన్నా, ముందు ఆ 150 సంగతి మనసులోంచి తీసేయండి. నాది 13 హ్యాండిక్యాప్, వయసు 36, లాంచ్ మానిటర్ (బాల్ వేగం, దూరం కొలిచే యంత్రం) మీద చూసిన లెక్కలు చెప్తున్నా. పిచింగ్ వెడ్జ్ 112, నైన్ 123, ఎయిట్ 134, సెవెన్ 145, సిక్స్ 154, ఫైవ్ 162. ఇవి బాగా తగిలినప్పటి క్యారీ. కోర్సులో ఇందులో సగం సార్లు కూడా ఇంత రాదు, ఒక పది గజాలు తగ్గడం మామూలే.

టీవీలో చూసే వాళ్ళతో పోల్చుకోవడం వల్లే ఈ బాధంతా. లాంచ్ మానిటర్లు చేసే ట్రాక్‌మ్యాన్ కంపెనీ వాళ్ళు చాలా ఏళ్ళు చూపించిన టూర్ సగటుల్లో పీజీఏ టూర్ మగవాళ్ళ సెవెన్ ఐరన్ క్యారీ 172 గజాలు, ఎల్‌పీజీఏ ఆడవాళ్ళది 141. క్లబ్ హెడ్ వేగం వాళ్ళకు గంటకు 90 మైళ్ళు, వీళ్ళకు 76. అంటే వేగంలో 14 మైళ్ళ తేడాకి దూరంలో 31 గజాలు, ఒక్కో మైలుకు రెండు గజాల పైచిలుకు అనుకోండి. ఈ లెక్కన మీ వేగం 70 ఉంటే 125 నుంచి 130 రావాలి, వస్తోంది కూడా. ప్రపంచంలో అంత బాగా ఆడే ఆడవాళ్ళే 141 కొడుతుంటే, మూడేళ్ళ కిందట మొదలుపెట్టిన మనిషికి 150 మినిమం అని చెప్పడం ఏం న్యాయం?

నేను కలిసి ఆడినవాళ్ళను బట్టి చెప్తే, 25 పైన హ్యాండిక్యాప్ ఉన్న మగవాళ్ళలో ఎక్కువమంది సెవెన్ ఐరన్ 115 నుంచి 135 మధ్యలో ఉంటుంది. 15 దగ్గరున్నవాళ్ళు 135 నుంచి 150. సింగిల్ డిజిట్‌కు వస్తే 150 నుంచి 165. స్క్రాచ్ (సున్నా హ్యాండిక్యాప్) ఆటగాళ్ళు 160 దాటతారు. కానీ ఇందులో మినహాయింపులు చాలా. మా కంపెనీలో జపాన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు, 61 ఏళ్ళు, సెవెన్ ఐరన్ 120 దాటదు, హ్యాండిక్యాప్ 11. నాకంటే పాతిక గజాలు వెనకున్న మనిషి నన్ను ప్రతిసారీ నాలుగైదు స్ట్రోకులతో ఓడిస్తాడు. ఆయన బాల్ ఎప్పుడూ 120 వెళ్తుంది, 119 కాదు, 122 కాదు. నాది 145 ఒకసారి, 128 ఒకసారి.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీ సెట్ పాతది అన్నారు కదా, దాని సెవెన్ ఐరన్ లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు) ఎంతో చూడండి, డిగ్రీలు తగ్గితే దూరం పెరుగుతుంది. క్లబ్ మీద 7 అని రాసి ఉంటే అన్నీ ఒకటి కావు. టైటలిస్ట్ టీ100లో సెవెన్ ఐరన్ 34 డిగ్రీలు, టేలర్‌మేడ్ స్టెల్త్‌లో 28 డిగ్రీలు. ఆరు డిగ్రీలంటే దాదాపు క్లబ్బున్నర తేడా. పాత సెట్లలో 28 డిగ్రీలకు దగ్గరగా ఉండేది ఫైవ్ ఐరన్. మీతో ఆడినవాళ్ళు ఎయిట్ అని తీసింది మీ సిక్స్ లాంటిదే కావచ్చు. ఆయన అబద్ధం చెప్పి ఉండడు, ఆయన క్లబ్ వేరు, అంతే.

మామిడితోట_చిత్తూరు

నేను కూడా మీలాగే 26 హ్యాండిక్యాప్ సార్. చిత్తూరు నుంచి నాకు బెంగళూరే వీలు, 180 కిలోమీటర్లు, అక్కడే ఆడతాను. మీ బెంగళూరు 132 ఇక్కడ 125 ఎందుకయిందో నాకు తెలుసు, ఎందుకంటే చెన్నైలో ఆడిన రెండుసార్లూ నాకూ అదే జరిగింది.

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 3000 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పలచన, బాల్‌కు అడ్డు తక్కువ. వెయ్యి అడుగులకు ఒక శాతం కంటే కొంచెం ఎక్కువ దూరం కలుస్తుందని లెక్క, అంటే 130కి నాలుగైదు గజాలు ఊరికే వస్తాయి. చెన్నైలో ఆ నాలుగైదు ఉండవు. మీ బలం ఎక్కడికీ పోలేదు.

ఇంకోటి, మధ్యాహ్నం రెండింటికి చెన్నైలో ఆ హోల్ ఆడానంటున్నారు. ఈ ఎండాకాలంలో ఆ వేళకు సముద్రపు గాలి లేచి ఉంటుంది. ఆ హోల్ తూర్పు ముఖంగా ఉందా? ఉంటే ఎదురుగాలే. గంటకు 10 మైళ్ళ ఎదురుగాలి మన బాల్‌లో పది శాతం తినేస్తుంది. వెనక గాలి మాత్రం అంత ఇవ్వదు, అందులో సగమే ఇస్తుంది. మనకు నష్టం కనిపించినంతగా లాభం కనిపించకపోవడం అందుకే.

డ్రైవింగ్ రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానంలో) కొట్టి దూరం లెక్కేసుకోవద్దు సార్. చాలా రేంజ్‌లలో బాల్స్ అరిగిపోయి ఉంటాయి, తక్కువ వెళ్తాయి. పైగా మ్యాట్ మీద ఒక అంగుళం వెనక కొట్టినా క్లబ్ జారి బాల్‌ను తాకుతుంది, మనకు బాగా కొట్టినట్టే ఉంటుంది. గడ్డి మీద అదే షాట్ 80 గజాలు కూడా పోదు.

మాకు పెనుమూరు రోడ్డులో వేరుశనగ పీకేసిన చేను ఉంది, ఇప్పుడు ఖాళీ. నిడివి 200 గజాల పైనే, పక్కన ఇళ్ళు లేవు, రోడ్డు వేరే వైపు. బాల్ పడినచోట దుమ్ము లేస్తుంది, క్యారీ ఎంతో కళ్ళతో చూడొచ్చు. పది గజాలకొక గోతం పరిస్తే చాలు. ఒకరోజు పొద్దున్నే రండి, ఇద్దరం కొడదాం.

పాత_క్యాడీ

నేను పుత్తూరు వాణ్ణి. చెన్నైలో 19 ఏళ్ళు క్యాడీగా పనిచేశాను, మోకాళ్ళు సహకరించక ఇంటికొచ్చి చిన్న షాపు పెట్టుకున్నాను. మా అబ్బాయి ఫోన్‌లో ఇది చదివి వినిపిస్తే నా మాట కూడా రాయమన్నాను.

ఇన్నేళ్ళలో ఎంతమంది బ్యాగులు మోశానో లెక్క లేదు. కొత్తగా వచ్చిన ఆటగాడికి నేను మొదటి రెండు హోల్స్‌లో క్లబ్ గురించి ఏమీ చెప్పేవాణ్ణి కాదు. ఊరికే చూసేవాణ్ణి. బాల్ ఎంత దూరం వెళ్ళిందని కాదు, మట్టి ఎక్కడ లేచిందని చూసేవాణ్ణి. మంచి ఆటగాడికి గడ్డి ముక్క బాల్ ఉన్నచోటికి ముందు, గ్రీన్ వైపు లేస్తుంది. మిగతావాళ్ళకు బాల్‌కు వెనక లేస్తుంది, లేదంటే అసలు లేవదు. అది చూస్తే ఆయన సెవెన్ ఐరన్ ఎంత వెళ్తుందో ఐదు గజాలు అటూ ఇటూగా చెప్పేయొచ్చు. బాల్‌ను పైకి లేపాలని మణికట్టు తిప్పి తోడేవాళ్ళ చేతిలో సెవెన్ ఐరన్ నైన్ ఐరన్ అయిపోతుంది, ఎత్తుగా పోతుంది, ముందుకు పోదు. క్లబ్ లోపలే ఆ లేపడం ఉంది సార్, దాని మానాన దాన్ని వదిలేయాలి.

మీరు ఏ స్థాయివాళ్ళు ఎంత కొడతారని అడిగారు. నేను చూసింది వేరే. 24 హ్యాండిక్యాప్ ఆయన అద్భుతంగా కొట్టిన షాట్, 10 హ్యాండిక్యాప్ ఆయన బాగా కొట్టిన షాట్, రెండూ పక్కపక్కన పెడితే పది పదిహేను గజాల తేడా ఉంటుంది, కొందరికి అదీ ఉండదు. తేడా అంతా బాగా తగలని షాట్లలో ఉంటుంది. 10 ఆయన తప్పు కొడితే 15 గజాలు తగ్గుతుంది, బాల్ గ్రీన్ ముందర పడి ఆగుతుంది, అక్కడి నుంచి చిప్ చేసుకుంటాడు. 24 ఆయన తప్పు కొడితే 60 గజాలు తగ్గుతుంది, లేదా కుడివైపు చెట్లలోకి పోతుంది. కానీ ఇద్దరూ క్లబ్ తీసేటప్పుడు జీవితంలో కొట్టిన బెస్ట్ షాట్‌ను తలుచుకునే తీస్తారు. అక్కడే వస్తుంది చిక్కు. నేను పని చేసిన అన్నేళ్ళలో గ్రీన్ దాటి వెనక్కి పోయిన బాల్స్ కంటే ముందు పడిపోయిన బాల్స్ ఎన్నో రెట్లు ఎక్కువ. మెంబర్ ఎయిట్ అడిగితే నేను సెవెన్, సిక్స్ రెండూ పట్టుకెళ్ళేవాణ్ణి. ఒక పెద్దాయన అయితే నాతో గొడవపడేవాడు, "నాకు ఎయిట్ చాలని చెప్తుంటే" అని. ఆయనకు నేను చెప్పిందొక్కటే, "సార్, ఇవాళ ఒక్కరోజు నేనిచ్చిన క్లబ్ కొట్టండి, గ్రీన్ దాటితే నా తప్పు". ఆ రోజు ఆయన తొమ్మిది గ్రీన్‌ల మీద బాల్ ఆపాడు. మళ్ళీ ఎయిట్ అడగలేదు.

మీ ఎయిట్ బాగా తగిలితే 115 వెళ్తుందనుకుందాం. ముందు నీళ్ళు, ఎదురుగాలి, 142. ఆ షాట్‌లో మీ తప్పు ఏమీ లేదు. రెండోసారి గట్టిగా కొట్టడం మాత్రం తప్పు. గట్టిగా కొడితే మనలాంటివాళ్ళకు దూరం పెరగదు, బాల్ మధ్యలో తగలడం తగ్గుతుంది.

కపిలతీర్థం_లత

పై రిప్లైలన్నీ చదివాను, అందరూ మగవాళ్ళ లెక్కలే చెప్పారు కాబట్టి నావి కూడా రాస్తున్నాను, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్ళు ఇది చదివి బెదిరిపోకూడదు. నా వయసు 39, హ్యాండిక్యాప్ 21. మా వారి ట్రాన్స్‌ఫర్ వల్ల నాలుగేళ్ళు బెంగళూరులో ఉన్నప్పుడు నేర్చుకున్నాను. నా సెవెన్ ఐరన్ క్యారీ 95 గజాలు. నైన్ 80. అంతే.

కోర్స్ రేటింగ్ (కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) కోసం యుఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) వాళ్ళు బోగీ గోల్ఫర్ అంటే ఎవరో ఒక కొలత పెట్టారు. సుమారు 20 హ్యాండిక్యాప్ ఉన్న మగవాళ్ళు టీ నుంచి 200 గజాలు కొట్టి, 370 గజాల హోల్‌ను రెండు షాట్లలో చేరగలరని, సుమారు 24 ఉన్న ఆడవాళ్ళయితే 150 గజాలు కొట్టి 280 గజాల హోల్‌ను రెండింటిలో చేరగలరని. ఇది చదివిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను, ఎందుకంటే నేను కొట్టేది అచ్చంగా అంతే. అన్నగారూ, మీ 125 కూడా మీ స్థాయికి సరైనదే, ఎవరో పార్ 3 మీద అన్న మాటకు బాధపడకండి.

దూరం విషయంలో నాకు ఆదర్శం అదితి అశోక్. బెంగళూరు అమ్మాయి, ఎల్‌పీజీఏ టూర్‌లో తక్కువ దూరం కొట్టేవాళ్ళలో ఒకరు. టోక్యో ఒలింపిక్స్‌లో తనకంటే ఎంతో దూరం కొట్టే వాళ్ళ మధ్య ఆడి నాలుగో స్థానంలో నిలబడింది, ఒక్క స్ట్రోక్ తేడాలో మెడల్ పోయింది. ఆ శనివారం పొద్దున మా ఇంట్లో టిఫిన్ కూడా చేయకుండా టీవీ ముందు కూర్చున్నాం. మిగతావాళ్ళు ఐరన్ తీసేచోట తను హైబ్రిడో ఫెయిర్‌వే వుడ్డో (బాల్‌ను సులువుగా లేపి దూరం పంపే క్లబ్బులు) తీసేది, బాల్‌ను గ్రీన్ మీద పెట్టేది, పుట్ వేసేది.

మీ ఫైవ్ ఐరన్, సిక్స్ ఐరన్ ఎంత వెళ్తున్నాయో కూడా కొలవండి. స్వింగ్ వేగం తక్కువున్నవాళ్ళకు క్లబ్ క్లబ్‌కు పది గజాల తేడా రాదు. నాకు సిక్స్‌కూ సెవెన్‌కూ మధ్య ఐదు గజాలే, ఫైవ్ అయితే సిక్స్ కంటే తక్కువ వెళ్ళేది. తక్కువ లాఫ్ట్‌తో బాల్ లేవాలంటే వేగం కావాలి, ఆ వేగం మనకు లేదు. నేను ఫైవ్, సిక్స్ రెండూ తీసేసి హైబ్రిడ్లు పెట్టుకున్నాను.

అలిపిరి43

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న పొద్దున ఆరింటికి చిత్తూరు అన్న వాళ్ళ చేలోకి వెళ్ళాను. చెప్పినట్టే పది గజాలకొక గోతం పరిచారు, ఆయన తమ్ముడు దూరంగా పక్కకి నిలబడి దుమ్ము లేచిన చోటు చూసి అరిచి చెప్పాడు, లేజర్‌తో కూడా సరిచూసుకున్నాం. గాలి లేదు. బాల్స్ కొత్తవే వాడాను.

సెవెన్ ఐరన్ 20 కొట్టాను. అన్నిటికంటే దూరం వెళ్ళింది 137. మూడు టాప్ అయ్యాయి (క్లబ్ బాల్ పైభాగానికి తగిలింది), 80 దాటలేదు. రెండు వెనక మట్టిలో తగిలి 95 దగ్గర పడ్డాయి. మిగతావన్నీ 117కూ 131కీ మధ్యలోనే ఉన్నాయి, వాటి మధ్య లెక్క తీస్తే 125. అంటే నేను అనుకున్నదే. కానీ 20లో ఐదు పూర్తిగా చెడిపోయాయన్నది కోర్సులో ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు, దూరం తక్కువని బాధపడ్డానే గానీ ఈ ఐదింటి గురించి ఆలోచించనే లేదు. పుత్తూరు పెద్దాయన చెప్పినట్టు మట్టి ఎక్కడ లేస్తోందో చూశాను. సగానికి పైగా బాల్‌కు వెనకే.

లాఫ్ట్ కూడా చూశాను, మోడల్ పేరు పెట్టి వెతికితే 35 డిగ్రీలని వచ్చింది. శ్రీసిటీ తమ్ముడూ, మీ సెవెన్ ఎంత?

లత గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. సిక్స్ 132 వచ్చింది, ఫైవ్ 133. మూడేళ్ళుగా ఆ ఫైవ్ ఐరన్‌ను ఎందుకు మోస్తున్నానో! చిత్తూరు అన్న దగ్గర ఫైవ్ హైబ్రిడ్ ఉంటే అడిగి ఎనిమిది కొట్టాను, ఆరు బాగా తగిలాయి, 144 నుంచి 150 వెళ్ళాయి.

శ్రీసిటీ_షిఫ్ట్

నాది 29.5 డిగ్రీలు అన్నా. అంటే నా సెవెన్ మీ సిక్స్ కంటే కూడా నిటారుగా ఉన్నట్టు. నా 145ను మీ సిక్స్ 132 పక్కన పెట్టి చూడాలి. ఇద్దరి మధ్య అసలు తేడా ఇరవై కాదు, పదమూడే.

మామిడితోట_చిత్తూరు

సార్ నిన్న చెప్పడం మర్చిపోయాను, స్వర్ణముఖి మీకు దగ్గరే కదా. చంద్రగిరి వైపు మనుషులు లేని చోట, ఇసుక ఎండి ఉన్నప్పుడు, చిన్న స్వింగ్‌తో 20 బాల్స్ కొట్టి చూడండి. ఇసుకలో ఒక్క అంగుళం వెనక తగిలినా బాల్ కదలదు, అక్కడ మ్యాట్‌లాగా మోసం ఉండదు. మా వైపు నీవా నదిలో నేను రెండు నెలలు అదే చేశాను, నా టాప్‌లూ మట్టి షాట్లూ సగానికి తగ్గాయి. బాల్స్ లెక్కపెట్టుకుని తీసుకెళ్ళి లెక్కపెట్టుకుని తెచ్చుకోండి.

అలిపిరి43

రేపే వెళ్తాను. పాత క్యాడీ గారూ, ఒక్క ప్రశ్న. వచ్చే నెల మళ్ళీ అదే కోర్స్. ఆ 142 పార్ 3 మీద నేనేం తీయాలి? నీళ్ళు దాటి గ్రీన్ మొదలయ్యేది 129 దగ్గర, గ్రీన్ చివర 156.

పాత_క్యాడీ

పొద్దున గాలి లేకపోతే ఫైవ్ హైబ్రిడ్, నిదానంగా. బాగా తగిలితే 147, గ్రీన్ మీదే ఉంటారు. కొంచెం సరిగ్గా తగలకపోయినా 130 దాటుతుంది. సిక్స్ తీస్తే 132, మూడు గజాల మీద ఆశ పెట్టుకోవాలి, వద్దు. మధ్యాహ్నం ఎదురుగాలి ఉంటే ఆ హైబ్రిడ్ కూడా చాలదు, ఫెయిర్‌వే వుడ్ తీసి పట్టు కాస్త కిందికి పట్టుకోండి. పక్కవాళ్ళ చేతిలో ఏ క్లబ్ ఉందో చూడకండి. తిరిగొచ్చేటప్పుడు పుత్తూరులో టీకి ఆగుతారు కదా, బస్టాండు ఎదురుగా అడిగితే నా షాపు చూపిస్తారు, ఎంత రాసుకున్నారో చెప్పి వెళ్ళండి.